ఎన్ స్కేల్ డీజిల్‌లో సౌండ్ డీకోడర్: కోతలు, డబ్బాలు, కొలతలు

పని వస్తువు 1:160 నిష్పత్తి డీజిల్ లోకో. పట్టాల మధ్య దూరం 9 మి.మీ., ఆరు ఇరుసులు, నడుమ మోటారు. చాసిస్ రెండు సగాలుగా ఉంటుంది. ఎడమ సగం ఎడమ పట్టా కరెంటునీ, కుడి సగం కుడి పట్టా కరెంటునీ మోస్తుంది. డీకోడర్ (పట్టాల ద్వారా వచ్చే డిజిటల్ ఆదేశాలను అందుకుని మోటారు, లైట్లు, సౌండ్ నడిపే చిన్న బోర్డు) కోసం సాకెట్ ఏమీ లేదు. పెట్టబోయేవి తీగలున్న లోక్‌సౌండ్ 5 మైక్రో డీకోడర్, 15 × 11 × 3.5 మి.మీ. స్పీకర్ ఒకటి.

ఈ డైరీలో సాఫీగా జరిగినదాని గురించి తక్కువ, చెడిపోయినదాని గురించి ఎక్కువ ఉంటుంది. ఇదే రకం చాసిస్ ఉన్నవాళ్లు దశల వరుస మార్చకుండా పని చేసుకుంటే సగం తిప్పలు తప్పుతాయి.

దశ 0: విప్పకముందు

మామూలు 12 వోల్టుల డీసీ మీద కుంటుతున్న లోకో డీకోడర్ పెట్టాక బాగుపడదు. పైగా తప్పు గేరుదా, వైరింగ్‌దా, సీవీదా (డీకోడర్‌లో అంకెలుగా రాసే సెట్టింగు) అన్నది తేలదు. అందుకే ముందు చక్రాలు, కరెంటు తీసుకునే రేకులు శుభ్రం చేసి ఈ లెక్కలు రాసుకోవాలి.

1. బరువు: 92.4 గ్రాములు.
2. 12 వోల్టుల మీద ఖాళీగా పరిగెత్తేటప్పుడు కరెంటు: 70 మిల్లీయాంపియర్లు. బండి లాగేటప్పుడు 130.
3. 2 శాతం ఎత్తు మీద లాగిన వ్యాగన్లు: 24.
4. మోటారు నిరోధం: 31 ఓమ్‌లు.

నాలుగోది మోటారును చాసిస్ నుంచి బయటికి తీసి కొలవాలి. ఇరుసును కొంచెం కొంచెం తిప్పుతూ పది చోట్ల చూసి, అన్నిటికన్నా తక్కువ అంకె తీసుకోవాలి. 12ను 31తో భాగిస్తే 0.39 యాంపియర్. మోటారు బిగుసుకుపోతే డీకోడర్ మీద పడే గరిష్ఠ భారం అది. ఈ డీకోడర్ 0.75 యాంపియర్ తట్టుకుంటుంది కాబట్టి నిశ్చింత. చక్రాలను చేత్తో పట్టి ఆపి ఆ కరెంటు కొలవడం పాత పద్ధతి. ప్లాస్టిక్ గేర్ల పళ్లు లేచిపోవడానికి అంతకన్నా దగ్గరి దారి లేదు. నిరోధం కొలిస్తే చాలు.

ఇప్పటివరకు: 1.5 గంటలు, 92.4 గ్రాములు.

దశ 1: చోటు కొలవడం

పైకప్పుకీ చాసిస్ పైభాగానికీ మధ్య ఎంత ఖాళీ ఉందో క్యాలిపర్ చెప్పలేదు, లోపలికి దూరదు కాబట్టి. బొమ్మలు చేసే మెత్తని మట్టిని శనగగింజంత ముద్దలుగా చేసి, పైన పలచని ప్లాస్టిక్ పొర వేసి, చాసిస్ మీద ఐదారు చోట్ల పెట్టి, బాడీని పూర్తిగా నొక్కి తీయాలి. అణిగిన ముద్ద మందమే మిగిలిన ఖాళీ.

పాత లైటు బోర్డు (2.1 గ్రాములు) తీసేశాక వచ్చిన కొలతలు: నడుమ 3.4 మి.మీ., బాడీ లోపలి వెడల్పు 16.4 మి.మీ.

తప్పు ఇక్కడే మొదలైంది. 16.4 అన్నది ఖాళీ బాడీ వెడల్పు. కిటికీ అద్దాల పట్టీ తిరిగి పెట్టాక రెండు వైపులా 0.9 చొప్పున లోపలికి వచ్చి 14.6 మిగిలింది. అద్దాలు, కూర్చునే సీట్లు, కప్లర్ పెట్టెలు అన్నీ పెట్టాకే కొలవాలి.

రెండో తప్పు తీగలది. డీకోడర్ 28 × 10 × 3.2 మి.మీ. కింద, పైన పాలీఇమైడ్ టేపు (పొరకి 0.06 మి.మీ.) వేస్తే 3.32. కప్పు కింద 3.4 ఉంది కాబట్టి కాగితం మీద సరిపోయింది. కానీ తీగల కట్ట డీకోడర్ మీదుగా వెళ్లడంతో బాడీ 0.8 మి.మీ. పైకి లేచి కూర్చుంది. నొక్కి బిగిస్తే కూర్చుంటుంది, నిజమే. కానీ ఆ ఒత్తిడి డీకోడర్ మీది చిప్పుల టంకాల మీద పడుతుంది. చాసిస్ ఎడమ అంచు పొడవునా 1.2 మి.మీ. లోతు గాడి ఆకురాయితో తీసి, తీగలన్నీ అందులోంచి నడిపాం. డీకోడర్ మీదుగా ఒక్క తీగ కూడా వెళ్లకూడదు.

ఇప్పటివరకు: 2.5 గంటలు, 90.3 గ్రాములు.

దశ 2: కోత

స్పీకరుకి చోటు వెనక బోగీ (చక్రాలుండే చట్రం) గేరు పెట్టె దాటాక, చాసిస్ చివర ఉన్న నిండు లోహంలో దొరికింది. రెండు సగాల్లో కలిపి కోయాల్సిన గుంట 17 × 14 × 9.5 మి.మీ., అంటే 2.26 ఘన సెం.మీ. చాసిస్ జింకు మిశ్రమం, ఘన సెం.మీ.కి సుమారు 6.6 గ్రాములు. పోయే బరువు 14.9 గ్రాములని ముందే తెలుసు. అంటే లోకో బరువులో ఆరో వంతుకు దగ్గర. ఈ లెక్క వేయకుండా రంపం పట్టుకోవద్దు. కోశాక లాగే శక్తి పోయిందని వాపోయి లాభం లేదు.

1. మోటారు, గేర్లు, షాఫ్టులు అన్నీ తీసి దూరంగా మూతపెట్టి ఉంచాలి.
2. రెండు సగాలనూ పక్కపక్కన పెట్టి సూదితో ఒకే గీత గీయాలి.
3. సన్న పళ్ల ఇనుప రంపంతో గీతకి అర మిల్లీమీటరు ఇవతల కోయాలి. మిగిలినది ఆకురాయితో.
4. ఆకురాయికి ముందుగా సుద్దముక్క రుద్దాలి. లేకపోతే మెత్తని జింకు పళ్ల మధ్య ఇరుక్కుని రాయి నున్నగా జారుతుంది.
5. ఐసోప్రొపైల్ ఆల్కహాల్లో బ్రష్‌తో మూడుసార్లు కడగాలి.

అయిదో అంకె తేలికగా తీసుకోకండి. జింకు రజను అయస్కాంతానికి అంటదు, కాబట్టి అయస్కాంతం తిప్పి ఏరేయలేం. కరెంటు మాత్రం మోస్తుంది. రంపం నుంచి రాలిన ఇనుప రజను దీనికి పూర్తిగా వ్యతిరేకం: స్పీకర్ అయస్కాంతం దాన్ని వెతుక్కుని మరీ లాక్కుంటుంది. స్పీకర్ పొర మీద చేరితే ప్రతి స్వరానికీ గరగర తోడవుతుంది. కళ్లద్దాలు, ముక్కుకి మాస్కు లేకుండా ఈ పని వద్దు.

ఏం చెడింది: కుడి సగంలో గీత దాటి కోత వార్మ్ గేరు బేరింగ్ గూడు దాకా వెళ్లింది. 1.1 మి.మీ. ఉండాల్సిన గోడ 0.4కి పలచబడింది. చూడ్డానికి బాగానే ఉంది. స్క్రూలు బిగించగానే ఆ గోడ వెంట్రుకవాసి వంగి షాఫ్టును పట్టేసింది. ఖాళీ కరెంటు 70 నుంచి 115కి ఎగబాకింది, గేర్లు మూలిగాయి. ఆ గోడ వెనక 0.5 మి.మీ. ఇత్తడి రేకు ఎపాక్సీతో అతికించి, ఒక రోజు ఆరనిచ్చి, మళ్లీ బిగిస్తే 74కి దిగింది. రేకు ఏ సగానికి ఆ సగంలోనే ఉండాలి; రెండు సగాలనూ కలిపిందా, పట్టాలు రెండూ షార్టు. బేరింగ్ చుట్టూ ఒక మిల్లీమీటరు గోడ వదిలేస్తే ఈ పని ఉండదు.

తూకం: ఎడమ సగం 36.8 నుంచి 29.5కి, కుడి సగం 37.1 నుంచి 29.6కి. పోయింది 14.8 గ్రాములు. ఇదే స్థితిలో డీసీ మీద నడిపి చూస్తే 24 వ్యాగన్ల చోట 19 లాగింది.

ఇప్పటివరకు: 8 గంటలు, 75.5 గ్రాములు.

దశ 3: మోటారును చాసిస్ నుంచి విడదీయడం

సౌండ్ పని మొత్తంలో డీకోడర్‌ని కాల్చేసేది ఈ దశే. పట్టాల కరెంటు మోటారు బ్రష్‌కి ఎక్కడైనా నేరుగా తగిలితే డీకోడర్ మోటారు భాగం క్షణంలో పోతుంది. ఒక్కోసారి పొగ కూడా రాదు.

పాత అమరికలో బ్రష్‌లను పట్టి ఉంచే రాగి రేకులే చాసిస్‌ని తాకుతాయి. వాటి కొసలు కత్తిరించి, మోటారు కూర్చునే గూటిలో పాలీఇమైడ్ టేపు రెండు పొరలు వేసి, బ్రష్ రేకులకి నారింజ, బూడిద రంగు తీగలు టంకం వేయాలి.

ఏం చెడింది: సగాలు విడిగా ఉన్నప్పుడు మీటర్ 'తెరిచి ఉంది' అనే చూపింది. నాలుగు స్క్రూలూ బిగించాక నారింజ తీగకీ కుడి పట్టాకీ మధ్య 0.4 ఓమ్. బిగింపుకి మోటారు అర గీటు కిందికి జరిగి, కత్తిరించిన రేకు తాలూకు పదునైన కొస టేపుని చీల్చి చాసిస్‌ని తాకింది. కొసను ఆకురాయితో గుండ్రంగా చేసి, టేపు కింద సన్న ప్లాస్టిక్ రేకు ముక్క పెట్టాక పోయింది.

పరీక్ష వరుస ఇలా ఉండాలి:

1. స్క్రూలు వదులుగా ఉన్నప్పుడు ఒకసారి.
2. పూర్తిగా బిగించాక ఒకసారి.
3. బాడీ తొడిగి, బోగీలను రెండు వైపులా చివరిదాకా తిప్పుతూ ఒకసారి.

మూడింటిలోనూ రెండు మోటారు తీగలకీ రెండు పట్టాలకీ మధ్య, అంటే నాలుగు జతలకీ, ఒక మెగాఓమ్‌కి పైగా చూపాలి. అలాగే ఎడమ, కుడి సగాల మధ్య కూడా. చాసిస్ స్క్రూల కింద ఉండే నైలాన్ వాషర్లు విప్పేటప్పుడే లెక్కపెట్టి పెట్టుకోవాలి. ఒకటి తగ్గినా మొదటికే మోసం.

ఇప్పటివరకు: 10.5 గంటలు.

దశ 4: డీకోడర్ తీగలు

రంగులు ఎన్‌ఎమ్‌ఆర్‌ఏ (అమెరికా మోడల్ రైలు సంఘం) పద్ధతివే: ఎరుపు కుడి పట్టా, నలుపు ఎడమ పట్టా, నారింజ, బూడిద మోటారు, తెలుపు ముందు లైటు, పసుపు వెనక లైటు, నీలం లైట్లన్నిటికీ ఉమ్మడి ప్లస్. స్పీకర్ తీగల రంగు మాత్రం తయారీదారుని బట్టి మారుతుంది. ఈఎస్‌యూ (లోక్‌సౌండ్ తయారీదారు) డీకోడర్లకి గోధుమ, సౌండ్‌ట్రాక్స్ వాటికి ఊదా. ఊదా తీగను చూసి స్పీకర్ అనుకుని లైటు తీగని కలిపినవాళ్లు ఉన్నారు, కాబట్టి చేతిలో ఉన్న డీకోడర్ బొమ్మే ప్రమాణం.

చాసిస్‌కి ఎరుపు, నలుపు తీగలు నేరుగా టంకం పట్టవు. లోహం వేడిని మింగేస్తుంది, పైపొర ఆక్సైడ్ టంకాన్ని పట్టనివ్వదు. ఆమ్లం ఉన్న ఫ్లక్స్ వాడితే పడుతుందేమో గానీ ఏడాది తిరిగేసరికి తీగను తినేస్తుంది. 1.25 మి.మీ. రంధ్రం వేసి, ఎం1.6 మర తిప్పి, ఇత్తడి స్క్రూ తలకి తీగ టంకం వేయడమే శాశ్వత మార్గం. డ్రిల్ బిట్‌ని ప్రతి మిల్లీమీటరుకీ వెనక్కి తీసి రజను దులపాలి. దులపకుండా 4 మి.మీ. ఏకబిగిన వెళ్లిన బిట్ ఒకటి విరిగింది. దాన్ని లోపలే వదిలేసి 3 మి.మీ. పక్కన ఇంకో రంధ్రం వేశాం.

టంకం వరుస:

1. 0.5 మి.మీ. టంకం తీగ, 330 డిగ్రీల మొన, ఒక్కో చోట రెండు సెకన్లకి మించి ఆనించరాదు.
2. ముందు పట్టా తీగలు, మోటారు తీగలు. మిగిలిన తీగల కొసలు విడివిడిగా టేపుతో మూసెయ్యాలి.
3. ప్రోగ్రామింగ్ పట్టా (సీవీలు చదవడానికి, రాయడానికి విడిగా ఉంచే పట్టా) మీద సీవీ 8 చదవాలి. 151 వస్తే ఈఎస్‌యూ డీకోడర్ బతికే ఉన్నట్టు.
4. ఆ తరువాతే లైట్లు, ఆఖరున స్పీకర్.

ప్రోగ్రామింగ్ పట్టా మీదే మొదట పెట్టడానికి కారణం ఉంది. అక్కడ కరెంటుకి పరిమితి ఉంటుంది. షార్టు ఉంటే డీకోడర్ జవాబివ్వదు, అంతే. అసలు లేఅవుట్ మీద పెడితే అనేక యాంపియర్లు దూకుతాయి.

లైట్లకి మొదట 1 కిలోఓమ్ వేశాం. తెల్ల ఎల్‌ఈడీకి 3 వోల్టులు పోను 9 మిల్లీయాంపియర్లు ప్రవహించి, క్యాబ్ ప్లాస్టిక్ మొత్తం దీపావళి లాంతరులా వెలిగింది. 4.7 కిలోఓమ్‌కి మారిస్తే 1.9 మిల్లీయాంపియర్లు, చూపుకి అది చాలు. నీలం తీగ చాసిస్‌కి ఎక్కడా తగలకూడదు. టంకం వేసిన ప్రతి చోటా వేడికి కుంచించుకునే సన్న గొట్టం తప్పనిసరి. డీకోడర్‌కి మాత్రం ఒకే పొర టేపు చాలు. మందపాటి నల్ల టేపుతో చుట్టచుట్టి పెడితే వేడి లోపలే ఉండిపోయి, డీకోడర్ తనను తాను ఆపేసుకుంటుంది.

ఇప్పటివరకు: 13.5 గంటలు, 77.4 గ్రాములు. పోయినవి: డ్రిల్ బిట్ 1.

దశ 5: స్పీకర్ డబ్బా

ఈ డైరీ రాయడానికి అసలు కారణం ఈ దశ. సౌండ్ బాగా రాకపోతే అందరూ స్పీకర్ మారుస్తారు, డీకోడర్ మారుస్తారు. మార్చాల్సింది డబ్బా.

స్పీకర్ పొర ముందుకి కదిలినప్పుడు ముందు గాలి నొక్కుకుంటుంది, అదే క్షణంలో వెనక గాలి పలచబడుతుంది. వెనక వైపు మూసి లేకపోతే ముందు గాలి పక్కనుంచి జారి వెనక్కి వెళ్లి రెండూ చెల్లైపోతాయి. కింది స్వరాల్లో ఈ నష్టం మరీ ఎక్కువ. డబ్బా పని ఆ రెంటినీ వేరుచేయడం. డబ్బా మరీ చిన్నదైతే లోపలి గాలి స్ప్రింగులా గట్టిపడి, పొర కదలిక తగ్గి, స్పీకర్ సహజ స్వరం పైకి జరుగుతుంది. ఇంజిన్ గొణుగుడు పోయి దోమ పాట వినిపిస్తుంది.

0.5 మి.మీ. స్టైరీన్ రేకుతో, లోపల 14 × 10 మి.మీ. ఉండేలా నాలుగు ఎత్తుల డబ్బాలు చేసి చూశాం. ఫోన్‌ని 30 సెం.మీ. దూరంలో కదలకుండా నిలిపి, సీవీ 63ని 100 దగ్గర ఉంచి, అదే హారన్ మోగించాం. అంకెలు ఒకదానితో ఒకటి పోల్చుకోడానికే. ఫోన్ శాస్త్రీయ పరికరం కాదు.

డబ్బా లేకుండా: 61 డెసిబెల్‌లు
2 మి.మీ. ఎత్తు, 0.28 ఘన సెం.మీ.: 66
4 మి.మీ., 0.56 ఘన సెం.మీ.: 70
6 మి.మీ., 0.84 ఘన సెం.మీ.: 72
8 మి.మీ., 1.12 ఘన సెం.మీ.: 72.5

ఆరు దాటాక లాభం చెవికి తెలియలేదు. గుంట 9.5, పైన కప్పు దాకా 3.4, మొత్తం 12.9 మి.మీ. ఎత్తు ఉంది. ముందు ఖాళీ 1, స్పీకర్ 3.5, డబ్బా 6, వెనక రేకు 0.5: మొత్తం 11. మిగిలిన 1.9 తీగలకి. అందుకే 6 ఖాయం చేశాం.

ఏం చెడింది, ఒకటి: లోకోలో పెట్టిన 6 మి.మీ. డబ్బా 72 ఇవ్వలేదు, 66 ఇచ్చింది. బల్ల మీద బాగున్నది లోపలికి వెళ్లగానే డీలా పడింది. కారణం తీగలు బయటికి వచ్చే 0.6 మి.మీ. రంధ్రం. సూది మొనంత సందు 4 మి.మీ. ఎత్తు విలువని మింగేసింది. తీగ పెట్టాక తెల్ల జిగురు చుక్క వేసి పూర్తిగా ఆరనిస్తే 71.5కి వచ్చింది.

ఏం చెడింది, రెండు: మొదటి స్పీకర్‌ని డబ్బాకి సూపర్ గ్లూతో అతికించాం. జిగురు ఆవిరి పొర మీద తెల్లగా పేరుకుని అది బిరుసెక్కింది. హారన్ కాగితం చించినట్టు వచ్చింది. శుభ్రం చేసే మార్గం లేదు. రెండో స్పీకర్‌కి తెల్ల జిగురే, సన్నని గీతగా, అంచుల చుట్టూ రెండుసార్లు.

ఏం చెడింది, మూడు: స్పీకర్‌ని కప్పు వైపు చూపిస్తూ పెడితే మాట బుగ్గలో పెట్టుకుని మాట్లాడినట్టు వచ్చింది. తిప్పి కిందికి, బోగీ వైపు చూపించి, చాసిస్ అడుగున 2 మి.మీ. రంధ్రాలు ఆరు వేస్తే స్పష్టమైంది. పొరకీ అడుగుకీ మధ్య 1 మి.మీ. ఖాళీ వదలాలి. అంతకన్నా తగ్గితే గట్టి స్వరాలకి పొర నేలకి కొట్టుకుంటుంది.

కారుతుందో లేదో చూసే పద్ధతి, స్పీకర్ అతికించకముందే:

1. డబ్బా నోటిని గాజు పలక మీద బోర్లించి, చుట్టూ మట్టి నొక్కాలి.
2. 50 డిగ్రీల వేడి నీళ్లలో ముంచాలి.
3. లోపలి గాలి 25 నుంచి 50 డిగ్రీలకి వెళ్తే సుమారు 8 శాతం పెరుగుతుంది. 0.84 ఘన సెం.మీ.లో అది 0.07 ఘన సెం.మీ., కంటికి కనబడే బుడగ.
4. బుడగ ఏ మూల నుంచి వస్తే ఆ మూలకి లోపలి వైపు జిగురు.

ఏడు డబ్బాల్లో నాలుగు మొదటిసారి బుడగ వదిలాయి. కంటికి అన్నీ నిఖార్సుగానే కనిపించాయి.

రెండు స్పీకర్లు పెడితే? అదీ చూశాం. ఒక్కోదానికి 3 మి.మీ. డబ్బా, రెండూ సమాంతరంగా 4 ఓమ్‌లు (ఈ డీకోడర్ 4 నుంచి 32 దాకా ఒప్పుకుంటుంది, పాత లోక్‌సౌండ్ 3.5కి 100 ఓమ్‌ల స్పీకరే కావాలి, పొరపాటున 8 కలిపితే దాని యాంప్లిఫయర్ పోతుంది). మొత్తం గాలి అంతే, లోహం మాత్రం ఇంకా కోయాలి. ఒక పెద్ద డబ్బాకన్నా తేడా వినబడలేదు. జంట స్పీకర్లు చెవికన్నా మనసుకే ఎక్కువ వినిపిస్తాయి. చోటుండి పెట్టేవాళ్లు రెంటి ధ్రువాలూ కలిశాయో లేదో తప్పక చూసుకోవాలి: 1.5 వోల్టుల బ్యాటరీని లిప్తపాటు తాకిస్తే రెండు పొరలూ ఒకే వైపు కదలాలి. ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ వెళ్తుంటే కింది స్వరాలు మాయం.

ఇప్పటివరకు: 20.5 గంటలు, 79.7 గ్రాములు. పోయినవి: డ్రిల్ బిట్ 1, స్పీకర్ 1.

దశ 6: కెపాసిటర్లు

పట్టా మీద మురికి తగిలి కరెంటు తెగితే లోకో ఆగకపోవచ్చు గానీ సౌండ్ మొదటినుంచి మొదలవుతుంది. డీకోడర్ పక్కన మిగిలిన 4.6 మి.మీ. వెడల్పులో 220 మైక్రోఫారడ్, 16 వోల్టుల టాంటలమ్ ముక్కలు (7.3 × 4.3 × 2.9 మి.మీ.) ఐదు వరసగా పట్టాయి. మొత్తం 1100 మైక్రోఫారడ్లు.

ఆశ పెట్టుకునే ముందు లెక్క: 12 నుంచి 6 వోల్టులకి పడేలోపు, 150 మిల్లీయాంపియర్లు లాగుతుంటే, 44 మిల్లీసెకన్లు. నిజ జీవితపు గంటకి 10 కి.మీ. వేగం ఈ స్కేల్‌లో సెకనుకి 17.4 మి.మీ. అంటే లోకోని ముందుకి నడిపేది ముప్పావు మిల్లీమీటరు. చక్రం మీది చిన్న మచ్చని దాటిస్తుంది, పాయింటు (పట్టాలు చీలే చోటు) దగ్గరి ప్లాస్టిక్ ముక్కని దాటించదు. సూపర్ కెపాసిటర్లయితే 2.7 వోల్టులవి వరసగా ఐదు కావాలి. ఈ బాడీలో అంత చోటు లేదు. చక్రాల వెనక రేకులు సరిచేసి పన్నెండు చక్రాలూ కరెంటు తీసుకునేలా చూడటం కెపాసిటర్లకన్నా ఎక్కువ మేలు చేసింది.

నీలం తీగకీ డీకోడర్ గ్రౌండ్‌కీ మధ్య కలపాలి, నేరుగా కాదు:

1. 100 ఓమ్‌ల రెసిస్టర్ ద్వారా నిండాలి. అప్పుడు మొదటి దూకుడు 120 మిల్లీయాంపియర్లు దాటదు.
2. ఆ రెసిస్టర్‌కి సమాంతరంగా, ఖాళీ అయ్యే దిశలో డయోడ్.
3. కెపాసిటర్ల మీద 15 వోల్టుల జెనర్ (వోల్టేజి అంతకు మించనివ్వని డయోడ్). 16 వోల్టులు దాటితే టాంటలమ్ పాడయ్యేది షార్టుగా, మంటతో.

రెసిస్టర్ లేకుండా కలిపినప్పుడు ప్రోగ్రామింగ్ పట్టా మీద సీవీలు చదవడం ఆగిపోయింది. డీకోడర్ జవాబు అంటే 6 మిల్లీసెకన్ల పాటు 60 మిల్లీయాంపియర్ల చిన్న తన్ను. నిండుతున్న కెపాసిటర్ ఆ తన్నుని కప్పేస్తుంది.

ఇప్పటివరకు: 22 గంటలు, 81.5 గ్రాములు.

దశ 7: సీవీలు

1. సీవీ 8 = 8. అన్నీ మొదటి స్థితికి.
2. సీవీ 29: డీసీ మీద నడిచే వీలు తీసేయాలి. పొట్టి అడ్రసుకి 6 బదులు 2, పొడుగు అడ్రసుకి 34. కెపాసిటర్లు ఉన్నప్పుడు ఆ వీలు ఉంచితే సిగ్నల్ తెగిన క్షణంలో డీకోడర్ దాన్ని డీసీ అనుకుని లోకోని పరుగెత్తించవచ్చు.
3. సీవీ 54 = 0, తరువాత కంట్రోలర్ మీద ఎఫ్1 బటన్. లోకో తనంతట తాను పూర్తి వేగంతో కొన్ని క్షణాలు పరిగెత్తి మోటారుని కొలుచుకుంటుంది. తిన్నని, చదునైన పట్టా ఒకటిన్నర మీటరు వదలాలి.
4. సీవీ 63 = 90. ఇది మొత్తం సౌండ్ స్థాయి, గరిష్ఠం 192. 120 దాటాక హారన్ చిరిగింది. స్పీకర్ చేతికి వెచ్చగా తగిలింది.
5. సీవీ 31 = 16, సీవీ 32 = 1 రాశాకే సీవీ 259, అంటే మొదటి శబ్దం స్థాయి. ఈ రెండూ రాయడం మరిచిపోతే రాసిన అంకె వేరే పేజీలో పడి, ఇంకేదో మారిపోతుంది.

హారన్‌ని ఇంజిన్‌కన్నా తగ్గించి ఉంచాం. చిన్న డబ్బాకి పై స్వరాలు సులువు, కింది స్వరాలు కష్టం. రెంటికీ ఒకే స్థాయి ఇస్తే ఇంజిన్ అడుగున పడిపోతుంది. సీవీ 3, 4 (వేగం ఎంత నెమ్మదిగా పెరగాలి, తగ్గాలి అన్నవి) కూడా పెంచాలి. లోకో చటుక్కున కదిలితే ఇంజిన్ శబ్దం మెట్లు ఎక్కేలోపు బండి స్టేషన్ దాటేస్తుంది.

ఇప్పటివరకు: 23.5 గంటలు.

దశ 8: బరువు తిరిగి చేర్చడం

కోసింది వెనక వైపు కాబట్టి ముందు బోగీ మీద భారం ఎక్కువై, వెనక చక్రాలు ఎత్తు మీద జారాయి. సీసం రేకు ముక్కలు 5.2 గ్రాములు, వెనక క్యాబ్ కింద, ఇంధన ట్యాంకు వెనక అంచున. సీసం కరెంటు మోస్తుంది, ప్రతి ముక్కకీ టేపు చుట్టాలి. తాకాక చేతులు కడుక్కోవాలి. ముందు భాగంలో ఒక్క గ్రాము కూడా వేయలేదు.

మొత్తం: 24.5 గంటలు, 86.7 గ్రాములు, 22 వ్యాగన్లు. మొదటికన్నా 5.7 గ్రాములు, రెండు వ్యాగన్లు తక్కువ.

రెండో లోకో

దీనిలో నెక్స్ట్18 సాకెట్ ఉంది కాబట్టి 3, 4 దశలు అక్కర్లేదు. మొత్తం 9 గంటలు పట్టింది, అందులో 4 డబ్బాకే. ఒక్కటే చిక్కు: సాకెట్ బోర్డు మీద స్పీకర్ పిన్నుల నుంచి రాగి గీతలు వచ్చి బోర్డు చివర ఆగాయి, టంకం వేసే చోటు మాత్రం పచ్చని పూత కింద ఉంది. కత్తి మొనతో పూత గీకి, 0.1 మి.మీ. ఎనామిల్ తీగ అతికించాం. ఆరు పిన్నుల ఎన్‌ఇఎం 651 సాకెట్ ఉన్న లోకోలకి ఆ వెసులుబాటు కూడా లేదు. ఆరింటిలో రెండు మోటారువి, రెండు పట్టాలవి, రెండు లైట్లవి. స్పీకర్ తీగలు డీకోడర్ నుంచి విడిగా తెచ్చుకోవాల్సిందే.

మూడోది, ఇంకా బల్ల మీదే

నాలుగు చక్రాల షంటర్. మట్టి ముద్దలు చెప్పిన ఎత్తు క్యాబ్‌లో 7 మి.మీ. మాత్రమే. ముందు ఖాళీ, స్పీకర్, వెనక రేకు పోను డబ్బాకి 2 మి.మీ. మిగిలింది, అంటే 66 డెసిబెల్‌ల డబ్బా. క్యాబ్‌నే డబ్బాగా వాడి, కిటికీ అద్దాలు లోపలి నుంచి జిగురుతో మూసి, స్పీకర్‌ని నేలకి బోర్లించి చూస్తున్నాం. గాలి 1.3 ఘన సెం.మీ. దొరుకుతుంది. మొదటి ప్రయత్నం 64 దగ్గర ఆగింది. తలుపు చుట్టూ ఉన్న గీత అచ్చులో గీసినదే అనుకున్నాం గానీ అది నిజమైన అతుకు, అక్కడి నుంచి కారుతోంది.